తప్పిపోయిన సున్న

పోయిన వారం యశోదమ్మను, ఆమె తమ్ముడి మనవరాలు నేత్రను జగడం మధ్యలో వదిలిపెట్టాం. జగడం దేనిమీదో మరిచిపోయిన వాళ్లకు రెండు ముక్కలు. నలభై ఏళ్ల కిందట చింతామణిలో ‘అమ్మలక్కలు’ అనే ఆడవాళ్ల పత్రిక నడిపి, సగం ఊరితో దండాలు పెట్టించుకొని మిగతా సగంతో తిట్లు తిన్న యశోదమ్మకు రేపు చిక్కబళ్లాపురంలో సన్మానం. ఆ సభలో పాత సంచిక ఒకదాన్ని ఉన్నది ఉన్నట్టు మళ్లీ అచ్చేసి విడుదల చేస్తారు. ‘గండ తప్పింది’ అనే శీర్షిక ఉన్న సంచిక అది. కన్నడంలో గండ అంటే మొగుడు. మొగుడి పీడ వదిలిందని ఆ కాలంలోనే బాహాటంగా అచ్చేసిన ధీరురాలని ముందే ఇంటికి పంపిన సన్మానపత్రంలో రాశారు. అది ధైర్యమూ కాదు మన్నూ కాదు, అచ్చులో ఒక సున్న తక్కువైందంతే, ఆ మాట రేపు వేదిక మీద చెప్పేస్తానని యశోదమ్మ పట్టు పట్టింది. చెప్తే సన్మానం కాస్తా నవ్వులపాలవుతుందని నేత్ర. ఇద్దరిదీ ఒకటే మొండితనం, ఆ వంశంలోనే ఉంది. మాటా మాటా పెరుగుతుండగా వాకిట్లో ఎవరో పిలిచారు.

పిలిచిన మనిషికి అరవై దాటి ఉంటాయి. ఆకుపచ్చ చీర మీద మగవాళ్ల స్వెట్టరు, చంకలో ఒక గోనెసంచి. సంచి నిండా అనపకాయలు. డిసెంబరు చలి పది గంటలైనా విడవలేదేమో, ముక్కు ఎర్రబడి ఉంది. చెప్పులు విడిచి లోపలికొచ్చి, సంచిని గోడకు ఆనించి, గదంతా ఒకసారి కలియజూసింది.

“యశోదమ్మ యాడుండాది?” అని అడిగింది, యశోదమ్మనే చూస్తూ.

నేనేనని యశోదమ్మ చెప్పింది. ఆమె నమ్మలేదు. కిందికీ మీదికీ చూసి, జడ ఏమైపోయిందమ్మా అంది. ఒకప్పుడు యశోదమ్మ జడ చింతామణిలో పేరున్న జడ. పత్రికను తిట్టడానికి వచ్చినవాళ్లు కూడా జడను పొగిడి పోయేవాళ్లు. ఇప్పుడు మిగిలింది పిడికెడు తెల్ల వెంట్రుకలు. పత్రికతో పాటే అదీ పోయిందిలే అని యశోదమ్మ నవ్వింది. నేత్రకు కూడా కోపం చల్లారి నవ్వొచ్చింది.

“నేను అంజనమ్మనమ్మా. దిబ్బూరహళ్ళి అంజనమ్మని.”

యశోదమ్మ నవ్వు ఆగిపోయింది. కుర్చీ చేయి తడిమి పట్టుకొని కూర్చుంది. వాకిట్లో కొత్త ఆడమనిషి నిలబడితే ఈమేనేమోనని ఒక్క క్షణం బెదరడం ఆమెకు నలభై ఏళ్ల అలవాటు. నిజంగానే ఆ మనిషి వస్తే ఏం మాట్లాడాలో మాత్రం ఒక్కసారీ అనుకొని పెట్టుకోలేదు. ‘గండ తప్పింది’ అన్న శీర్షిక కింద ఉన్నది ఈ అంజనమ్మ కథే.

ఇక్కడ మనం కొంచెం వెనక్కి పోవాలి. మనకు కథ అర్థమవుతుంది, యశోదమ్మకు సంతోషం. ఈమధ్య ఆమె కాపురం ఎక్కువగా అక్కడే.

ఆ రోజుల్లో చింతామణి ఆడవాళ్లు మాట్లాడేది తెలుగు, చదవను వచ్చేది కన్నడం. నోటికి అమ్మ నేర్పింది ఒకటి, చేతికి స్కూల్లో మేష్ట్రు నేర్పింది ఇంకొకటి. ఇప్పటికీ అంతే అనుకోండి. మదనపల్లి పుట్టింటిది కాబట్టి యశోదమ్మకు తెలుగు అక్షరాలు వచ్చు. మదనపల్లి బస్సులో వచ్చే వారపత్రికలను మధ్యాహ్నం పూట వాకిట్లో కూర్చొని ఆమె పైకి చదివితే, వీధి వీధంతా పనులు చేతబట్టుకొని వచ్చి చుట్టూ చేరేది. ఒకామె బియ్యం ఏరుతూ, ఒకామె పూలు కడుతూ, ఒకామె బిడ్డకు పాలిస్తూ వినేవాళ్లు. యశోదమ్మ పుట్టింటికి పోతే ఆ వారం వాళ్లకు కథ లేదు. ఒకసారి అట్లా నెలరోజులు పోయి వచ్చేసరికి, ఆ సీరియల్లో పిల్ల పెళ్లి అయిందా లేదా అని బస్సు దిగిన చోటే నలుగురు పట్టుకున్నారు. అప్పుడు తట్టింది ఆమెకు. మాట మనది పెట్టి, అక్షరం వాళ్లకు వచ్చినది పెడితే ఎవరి కథ వాళ్లే చదువుకుంటారు కదా అని. అట్లా తెలుగు మాటలు కన్నడ లిపిలో అచ్చేసిన పత్రిక పుట్టింది. ఇద్దరు ఆడవాళ్లు కలిస్తే మగవాళ్లు అమ్మలక్కల ముచ్చట్లని వెక్కిరిస్తారు. ఆమె ఆ పేరే పెట్టుకొని వాళ్ల శ్రమ తగ్గించింది.

బాగేపల్లిలో ఒక తెలుగు పండితుడు ఆ లిపి చూసి కళ్లు మూసుకున్నాడు. చిక్కబళ్లాపురంలో ఒక కన్నడ మేష్ట్రు ఆ మాట విని చెవులు మూసుకున్నాడు. సర్కారు కచేరిలో పత్రిక నమోదు కాగితం మీద ‘భాషె’ అన్నచోట ఏం రాయాలో తోచక గుమాస్తా తలెత్తి చూస్తే, మా ఇంట్లో మాట్లాడేది రాయప్పా అందట. ఇంతా చేసి ఆమె వేసినవి ముగ్గులూ మురుకులూ అయితే ఏ గొడవా లేకపోను. ఎవరింట్లో ఎవరు ఎవరి మీద చేయి చేసుకున్నారో ఊరి పేరుతో సహా వేసేది. రీలింగ్ షెడ్లలో పట్టుగూళ్లు ఉడికే నీళ్లలో చేతులు పెట్టే ఆడవాళ్లకు కూలి ఎంత, పక్కన నిలబడి చూసే మగవాళ్లకు ఎంత అని అడిగేది. బిడ్డలు చాలనుకుంటే ఏం చేయాలో ఒక నర్సుతో రాయించి వేసిన నెల, సొంత అన్న ఆమెతో మాటలు మానేశాడు.

ఇంటి వెనక రేకుల షెడ్డులో కాలితో తొక్కే అచ్చు మిషను ఉండేది. సిరా వాసన, కిరసనాయిలు వాసన ఇంట్లో వంట వాసనను మింగేసేవి. కట్టలు కట్టి ప్రైవేటు బస్సుల టాపు మీద వేస్తే, పేరేసంద్రలో కండక్టరు దించే కట్టను రోడ్డు పక్క పూలమ్మే ఆమె బుట్టలో పెట్టుకొని, మూర కొన్నవాళ్లకు పూలతో పాటు చేతిలో పెట్టేది. ఇప్పుడా షెడ్డులో నేత్ర స్కూటరు ఉంటుంది. అయినా వాన పడి రేకులు మోగినప్పుడు యశోదమ్మకు మిషను తిరుగుతున్నట్టే వినిపిస్తుంది. ఆ రోజులంటే ఆమెకు ప్రాణం.

ఒక చలికాలం దిబ్బూరహళ్ళి నుంచి కబురొచ్చింది. పట్టుపురుగులకు చలి తగలకుండా పెట్టిన బొగ్గుల కుంపటి దగ్గర నిద్రపోయి, ఊపిరాడక ఒక చిన్నది చావు దాకా పోయి వచ్చిందని. యశోదమ్మ బస్సెక్కి పోయింది. వసారాలో ఆమెకు కుర్చీ వేశారు. కథంతా చెప్పింది ఆ పిల్ల మొగుడు బయ్యప్ప. పురుగుల ఇంట్లో ఆకు వేయను పోయి, చలికి తలుపు లోపల గెడ పెట్టుకొని కునుకు తీసిందట. పిలిస్తే పలకలేదట. తను తలుపు పగలగొట్టి, పెళ్లాన్ని భుజానేసుకొని, రోడ్డు మీద పోయే టెంపోను ఆపి ఆసుపత్రికి చేర్చాడట. చెప్తూ చెప్తూ అతను కళ్లు తుడుచుకున్నాడు. అంజనమ్మ గోడకు ఆనుకొని ఒళ్లో బిడ్డను పెట్టుకొని కూర్చుంది. నువ్వేమంటావమ్మా అని యశోదమ్మ అడిగితే, చాలాసేపటికి తలెత్తి, “గండం తప్పిందమ్మా” అంది. అంతే, ఇంకో మాట లేదు. ఆ మాటే శీర్షిక అనుకొని యశోదమ్మ ఇంటికొచ్చింది. కుంపటి పెట్టినప్పుడు తలుపు ఓరగా తీసి ఉంచండమ్మా అని జాగ్రత్తలు రాసి, చివర బయ్యప్పను నాలుగు వాక్యాలు మెచ్చుకుంది.

అక్షరాలు పేర్చే మునియప్ప ఆ రోజు ఊళ్లో లేడు, కైవారం పోయాడు. శీర్షికలు యశోదమ్మే పేర్చుకుంది. ‘గండం తప్పింది’ అనే దానికి సున్నలు మూడు కావాలి. పెద్ద అక్షరాల పెట్టెలో దొరికినవి రెండే. అంకెల్లోని సున్న పెడదామంటే ఆ సైజులో అంకెలు కొననే లేదు. మొదటి సున్న తీసేస్తే గడం అవుతుంది. చివరిది తీసేస్తే తప్పిది అవుతుంది. నడిమిది తీస్తే, అదెంతసేపు, చదివేవాళ్లే నోట్లో పూరించుకుంటారులే అనుకుంది. మనసులో తెలుగు పెట్టుకొని చేత్తో కన్నడ అక్షరాలు పేర్చిన మనిషి ఆమె. చదివేవాళ్లు ఆ అక్షరాలను చూడగానే కన్నడంలోకి పోతారని ఆమెకు తట్టలేదు. ఇట్లాంటి పొరపాటు మద్రాసులో జరగదు, బెంగళూరులోనూ జరగదు. మా చింతామణిలోనే జరుగుతుంది.

కట్టలు ఊళ్లకు పోయాక తెలిసింది. మొగుడు తప్పు చేశాడని కొందరు చదివారు, తప్పిపోయాడని కొందరు, పీడ వదిలిందని ఇంకొందరు. లోపల చిన్న అక్షరాల్లో గండం గండంగానే ఉంది, కానీ తగలబెట్టేవాళ్లు లోపల చదువుతారా? బస్టాండులో రెండు కట్టలు కాలాయి. యశోదమ్మ భర్త వెంకటరామప్పది బట్టల అంగడి. ఆ వారమంతా బేరాల్లేవు. పరామర్శకు వచ్చినవాళ్లతో ఆయన, గండ ఇంకా తప్పలేదప్పా, ఈడనే ఉండాడు అని నవ్వేవాడట. ఆ నవ్వును యశోదమ్మ ఇప్పటికీ తలుచుకుంటుంది. అట్లాంటి మనిషి మళ్లీ దొరకడు.

ఊరి పెద్దలు మీటింగు పెట్టి పిలిపించారు. అచ్చు తప్పా అమ్మా అని ఒక్కరు అడిగి ఉంటే అవునప్పా అనేసేది. ఎవరూ అడగలేదు. క్షమాపణ చెప్పి తీరాలన్నారు. ఆమెకు తిక్క రేగింది. “గండ తప్పితే తప్పేంది?” అని లేచి వచ్చేసింది. ఆ ఒక్క మాట జిల్లా అంతా తిరిగింది. తర్వాత ఎన్ని పల్లెల నుంచి ఆడవాళ్లు ఆమెను వెతుక్కుంటూ వచ్చారో, ఎన్ని సభల్లో ఆ మాటకు చప్పట్లు కొట్టారో లెక్కలేదు. ఆమె మాత్రం పదిహేను రోజులకు ఎవరికీ చెప్పకుండా దిబ్బూరహళ్ళి పోయింది. బయ్యప్ప తల్లి వసారాలో కూర్చొని ఉంది. నీ పుస్తకం చదివే నా కోడలు బిడ్డనెత్తుకొని ఇల్లు దాటింది, చాలా ఇంకా ఏమన్నా కావాలా అంది.

పచ్చని కాపురాన్ని ఒక్క సున్నతో కూల్చానని యశోదమ్మ ఆ రోజు బస్సులో ఏడ్చింది. చప్పట్లు విన్నప్పుడల్లా ఆమెకు సిగ్గేసేది. రేపు వేదిక మీద చెప్పేస్తానన్నది అందుకే.

ఇప్పుడా అంజనమ్మ ఎదురుగా కూర్చుంది. కుర్చీ వద్దని నేలమీదే కూర్చొని, చేట అడిగి తెప్పించుకొని, సంచిలోంచి అనపకాయలు కుమ్మరించి ఒలవడం మొదలుపెట్టింది. చేతులు ఊరికే ఉంటే నాకి మాట రాదమ్మా అంది. యశోదమ్మ కూడా కుర్చీ దిగి చేటకు ఇవతల కూర్చుంది. మోకాళ్లు వద్దన్నా వినలేదు. ఏ తిట్టు తిట్టినా తలొంచుకొని పడదామని మనసులో సిద్ధపడిపోయింది. తిట్లు రాలేదు. నేత్ర ఏం చదివింది, ఏ కంపెనీలో పని, జీతం బాగా ఇస్తారా, ఇవన్నీ అడిగింది అంజనమ్మ. తన కూతురు వినుత బాగేపల్లి హైస్కూల్లో మేడమ్ అని, తను కూతురి దగ్గరే ఉంటున్నానని చెప్పింది. బయ్యప్ప సంగతి అడగడానికి యశోదమ్మకు నోరు రాలేదు. ఆమే చెప్పింది. పోయినేడు పోయాడట. చూడను పోలేదట.

“నీకి దండం పెట్టి పోదామని వస్తి,” అంది అంజనమ్మ, కాయ చీలుస్తూనే. “మూడో క్లాసు దాకా నా చదువు. పెద్ద అక్షరాలైతే కూడబలుక్కుంటా. డెయిరీలో పాలు పోసేదానికి పోతే ఆడ మీ పుస్తకం ఉండాది. గండ తప్పింది అని ఉండాది. నేను నీతో గండం అంటి. నువ్వు గండ అని వేసినావు. ఆడనే క్యాన్ల పక్కన కూసోని ఏడ్చినానమ్మా. ఒక్క మాట చెప్తే, చెప్పనిదంతా ఈమెకు ఎట్లా తెలిసిపాయె అని.”

యశోదమ్మ చేతిలోని కాయ చేతిలోనే ఉండిపోయింది. లోపల బయ్యప్పను మెచ్చుకొని రాశాను కదా అని మెల్లగా అడిగింది. డెయిరీ సెక్రెటరీ అదంతా చదివి వినిపించాడంది అంజనమ్మ.

“లోపల ఉండేది నా మొగుడు చదివేదానికి, పైన ఉండేది నేను చదివేదానికి అనుకొంటి. ఎంత బుద్ధిమంతురాలు అనుకొంటి.”

మర్నాడే బిడ్డనెత్తుకొని శిడ్లఘట్ట బస్సెక్కిందట. పుట్టింటివాళ్లు వద్దన్నారట. రీలింగ్ షెడ్డులో చేరి, వేడినీళ్లకు వేళ్ల తోలు ఊడినా మానకుండా పనిచేసి కూతుర్ని చదివించిందట. మొగుణ్ని ఎందుకు వదిలొచ్చావని అడిగినవాళ్లకు ఎవరికీ జవాబు చెప్పలేదట. చింతామణిలో ఒకామె ఉంది, ఆమెకు తెలుసు, ఆ ధైర్యం చాలనుకుందట. ఇదంతా కాయలు ఒలుస్తూనే చెప్పింది. వింటున్న నేత్ర కళ్లు తుడుచుకుంది.

యశోదమ్మకు నలభై ఏళ్ల బరువు దిగిపోయింది. తను ఏ కాపురమూ కూల్చలేదు. పైగా ఒక ప్రాణాన్ని ఒడ్డున పడేసింది. ఇంతకన్నా ఏ సన్మానం కావాలి? లేచి అంజనమ్మను గట్టిగా కావలించుకోవాలనిపించింది.

నేత్ర కాఫీ వంకతో అవ్వను వంటింట్లోకి పిలిచింది. అవ్వా, ఇంక ఆ సున్న సంగతి ఎత్తొద్దు, రేపు సభలోనూ వద్దు, ఇప్పుడూ వద్దు అని చెవిలో చెప్పింది. నిజం చెప్తే నీ మనసు తేలికవుతుంది, ఆమె మనసు ఏమవుతుంది అని అడిగింది. పిల్ల మాట సబబుగానే ఉంది. జన్మకోసారి యశోదమ్మ ఎదురు చెప్పకుండా తలూపి, కాఫీ లోటా పట్టుకొని బయటికొచ్చింది.

కాఫీ తాగి, అంజనమ్మ అసలు మాట ఎత్తింది. రేపటి సభలో తనూ మాట్లాడాలని వినుత ఆ సభ పెట్టే సంఘం వాళ్లకు పేరిచ్చిందట. రెండు మాటలేనట. అయితే ఆ రెండు మాటల్లో ఒకటి తనకు తెలియదట.

“ఆ పొద్దు నువ్వు ఎట్లా కనుక్కొంటివమ్మా? నా మొగం చూసి కనుక్కొన్నావా, ఆ పురుగుల ఇల్లు చూసి కనుక్కొన్నావా? అదొక్కటి చెప్పు. ఆడ చెప్పల్ల నేను.”

తలుపు దగ్గర నుంచి నేత్ర వద్దని సైగ చేసింది. మొగం చూసి అని రెండు మాటలు అంటే అయిపోయేది. యశోదమ్మ అనడానికే నోరు తెరిచింది. కానీ దేన్ని కనుక్కున్నట్టు? చెప్పనిదంతా అంటోంది, ఆ చెప్పనిది ఏమిటో తనకు ఈ క్షణానికీ తెలియదు. ఇప్పుడు తెలిసినట్టు తలూపితే ఇంక జన్మలో అడగను వీలుండదు. ఈమె కూడా ఎవరికీ చెప్పకుండానే పోతుంది. ఆడవాళ్లు చెప్పుకోలేనివి చెప్పుకోవడానికి పత్రిక పెట్టిన మనిషి తను. ఒక ఆడమనిషి నోరు తన చేత్తో మూయడం ఆమె వల్ల కాలేదు.

“నేను ఏమీ కనుక్కోలేదు అంజనమ్మా. పెట్టెలో సున్న లేకపాయె.”

అంజనమ్మకు మొదట అర్థం కాలేదు. యశోదమ్మ చేటలోంచి మూడు గింజలు తీసి నేలమీద పెట్టి, ఒకటి వెనక్కి తీసి, విడమరిచి చెప్పింది. ఎన్ని సున్నలు కావాలో, ఎన్ని దొరికాయో, ఏది తీసేస్తే ఏమవుతుందో, చివరికి తను ఏది తీసిందో. గండ అనే మాట కన్నడంలో ఏమవుతుందో పత్రిక ఊళ్లకు పోయేదాకా తనకు తోచనే లేదని చెప్పింది. క్షమాపణ అడిగిన పెద్దల మీద కోపంతో ఆ సున్నను తన గొప్పగా చేసుకున్నానని కూడా చెప్పింది. చెప్తున్నంతసేపూ చూపు ఆ గింజల మీదే పెట్టుకుంది.

అంజనమ్మ చేతులు ఆగిపోయాయి. వచ్చినప్పటి నుంచి ఆగని చేతులు. వీధిలో టమోటాల ఆటో ఒకటి అరుచుకుంటూ పోయింది. నేత్ర వంటింటి గడప మీదే నిలబడిపోయింది, అవ్వ మీద కోపం రావాల్సింది కానీ రాలేదు. అంజనమ్మ తనలో తను అనుకుంటున్నట్టు అంది.

“అట్లయితే నన్ను ఎవురూ చూళ్ళేదు.”

యశోదమ్మకు లేదు లేదని ఓదార్చాలనిపించింది, అబద్ధం మళ్లీ మొదలవుతుందని ఊరుకుంది.

“చూళ్ళేదు,” అంది. “నీ ఎదురుగా కూసోని, బయ్యప్ప మొగం చూసి రాసుకొని వస్తి. నువ్వు ఒక్క మాట అంటివి, దాన్ని శీర్షికకు పనికొస్తుందని ఎత్తుకొని వస్తి. తప్పు నాది.”

ఊరు ఊరంతా నిలదీసినా చెప్పని క్షమాపణ అది. ఇంత సులువుగా నోటికొస్తుందని ఆమె అనుకోలేదు. కళ్లనీళ్లు చేటలో పడ్డాయి, తుడుచుకోను కూడా తోచలేదు.

అంజనమ్మ లేచింది. ఒలిచిన గింజలు ఒక పక్కకు చేసి, తొక్కలు సంచిలోకి ఎత్తింది. ఆవులున్న ఇంటి మనిషి, తొక్క కూడా పారేయదు. గింజలు మీరే ఉంచుకోండి, రాత్రికి నానబెడితే రేపటికి పైతోలు తీసి పితికిపప్పు చేసుకోవచ్చు అని నేత్రతో చెప్పి, వాకిట్లోకి పోయి చెప్పులు తొడుక్కుంది. బస్సు ఎన్నింటికని కూడా అడగలేదు. యశోదమ్మ ఆపలేదు. ఏ ముఖం పెట్టుకొని ఆపుతుంది? నేత్ర మాత్రం అవ్వను ఒక చూపు చూసింది, చెప్పాను కదా అన్నట్టు.

మెట్టు దాకా పోయిన మనిషి అక్కడే నిలబడింది. వీధిని చూస్తూ, ఇటు వీపు పెట్టి, ఎంతసేపు నిలబడిందో. తర్వాత చెప్పులు మళ్లీ విడిచి లోపలికొచ్చింది. ఈసారి నేలమీద కాదు, యశోదమ్మ కుర్చీ పక్కనున్న కుర్చీ లాక్కొని కూర్చుంది. స్వెట్టరు గుండీలు పెట్టుకుంది. ఆ మొహంలో కోపముందో దుఃఖముందో యశోదమ్మకు తెలియలేదు, కానీ ఈసారి ఆ మొహాన్నే చూసింది.

“నీకి తెలుసనుకొని ఇన్నేండ్లు ఎవురికీ చెప్పలేదు నేను,” అంది అంజనమ్మ. “నా బిడ్డకీ చెప్పలేదు. వాడు మంచోడు, అమ్మే ఓర్చుకోలేక పోయింది అనుకొంటాండాది అది. ఇప్పుడు చెప్తా. రాసుకో.”

యశోదమ్మ నేల మీద నుంచి లేవడానికి నేత్ర చేయి అందించింది. పెన్ను కోసం ఇల్లంతా వెతికారు. రాతే బతుకైన ఇంట్లో పెన్ను దొరకలేదు. ఫోన్లో రికార్డు చేద్దామని నేత్ర అంటే, వద్దు, ఈమే రాయల్ల, ఆ పొద్దు రాసిన చెయ్యే రాయల్ల అంది అంజనమ్మ. చివరికి దేవుడి గూట్లో క్యాలెండరు పక్కన ఒకటి దొరికింది. సన్మానపత్రం వచ్చిన కవరు మీదే, వెనక వైపు, యశోదమ్మ తేదీ వేసింది. అక్షరం వంకర పోయింది. ఎక్కడి నుంచి మొదలుపెడదామని అడిగింది.

“నువ్వు రాసిన కాడ నుంచే. బయ్యప్ప తలుపు పగలగొట్టినాడు అని వేసినావు కదా.” కవరు మీద పెన్ను ఆనేదాకా అంజనమ్మ చూసింది. “ఆ తలుపుకు లోపల గెడే లేదమ్మా.”